దుప్పటి చాటు ఓటు

తొమ్మిదో తరగతికి పౌరశాస్త్రంలో ఎన్నికల పాఠం అయిపోయిన రోజు, పిల్లలకు ఎంతవరకు తలకెక్కిందో చూద్దామని తరగతి లీడరుకు ఎన్నిక పెట్టాను. తలా ఒక చీటీ ఇచ్చి, మీకు నచ్చినవాళ్ల పేరు రాసి మడిచి ఇవ్వండి అన్నాను. బోర్డు తుడిచి వెనక్కి తిరిగేసరికి కిటికీ వైపు వరుసలో ముందు కూర్చున్న పిల్లవాడు చీటీలన్నీ ముందేసుకుని చకచకా రాసేస్తున్నాడు. తక్కినవాళ్లు చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు.

"ఏందిరా అది?" అన్నాను.

"మా వరసవి అయిపోయినాయి మేడమ్. ఆ పక్క వరసోళ్లవి గూడా ఇస్తే రాసిపెడతా."

వెక్కిరింపు కాదు, పాపం. నాకు సాయం చేస్తున్నానని వాడి ఉద్దేశం. "ఓట్లంటే ఇంతే గదా మేడమ్? మా ఊర్లో అందరివీ మా చిన్నాయనే గుద్దుతాడు," అన్నాడు, లెక్కల సారుకు ఎక్కం ఒప్పజెప్పినంత మామూలుగా. నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. పిల్లవాడి మీద కాదు, వాడికి ఓటంటే అదేనని నేర్పిన ఊరి మీద. చీటీలన్నీ లాక్కుని చింపి పారేశాను.

మా బడి జమ్మలమడుగు నుంచి ఎర్రబస్సులో వెళ్లాల్సిన ఒక పల్లెలో ఉండేది. ఊరు నిలువునా రెండు పార్టీలు. వీధికొక జెండా, జెండాకొక నాయకుడు. తరగతిలో కూడా కిటికీ వైపు ఒక పార్టీ పిల్లలు, తలుపు వైపు ఇంకో పార్టీ పిల్లలు కూర్చునేవాళ్లు. ఎవరు కూర్చోబెట్టారంటే ఎవరూ కాదు, ఇంట్లోంచి అలా నడిచొచ్చి అలా కూర్చునేవాళ్లు. ఎక్కడైనా నాటుబాంబు పేలితే అది ఏ వీధిలో పడిందో చప్పుడును బట్టి చెప్పగలిగిన పిల్లలు వాళ్లు. చీటీలు రాసిన ఆ పిల్లవాడు కిటికీ వైపు పార్టీ నాయకుడి కొడుకు. ఆరో తరగతి నుంచీ వాడే లీడరు. ఎందుకని ఎవరూ అడగలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. మా తాత మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు, మా నాన్న బడిపంతులు. పలక పట్టి పైకొచ్చిన ఇల్లు మాది. పాఠం చెప్పి ఊరుకుంటే జీతం వస్తుంది, నిజమే. కానీ రహస్య ఓటు గురించి నోటితో చెప్పి, కళ్ల ముందే రిగ్గింగు జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. మళ్లీ ఎన్నిక పెడతాను, ఈసారి పద్ధతిగా పెడతాను అన్నాను.

ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో వచ్చే మా హెడ్మాస్టరుగారు విని తల పట్టుకున్నారు. "అమ్మా, నీకు పుణ్యముంటాది, పాఠం చెప్పి వదిలెయ్ తల్లీ. రేప్పొద్దున పులివెందుల అవతల యాడికో మారుస్తే నువ్వూ పోతావు, నేనూ పోతా," అన్నారు. వద్దని మాత్రం అనలేదు. ఎన్నిక రోజున మాత్రం ఆయనకు ప్రొద్దుటూరులో ఏదో అర్జెంటు పని పడింది.

చీటీలు వద్దన్నారు పిల్లలు. "రాత చూసి కనుక్కుంటారు మేడమ్," అని ఒకమ్మాయి గుసగుసలాడింది. నిజమే, నాకు తట్టలేదు. సరే, గింజలు వేయిద్దామనుకున్నాం. నాయకుడి కొడుక్కి చెనిక్కాయ విత్తనం, అంటే వేరుశనగ గింజ, ఎదురు నిలబడేవాళ్లకు చింతగింజ. తలా రెండూ ఇస్తాం, నచ్చినవాళ్ల గింజ కుండలో వేయాలి. ఒకసారి అలవాటుకని చేయించి చూస్తే కుండలో అన్నీ చింతగింజలే! చెనిక్కాయ విత్తనాలు ఏమయ్యాయిరా అంటే అందరి దవడలూ ఆడుతున్నాయి. నాయకుడి కొడుకు కూడా నములుతున్నాడు. "ఓట్లు తినేసినారు కదరా!" అని నేను అరిస్తే తరగతంతా పడీ పడీ నవ్వింది. రెండు వరుసలూ కలిసి నవ్వడం నేను అప్పుడే చూశాను. చెనిక్కాయలు మాని కానుగ గింజలు తెప్పించాను. చేదు కాబట్టి ఎవరూ నోట్లో వేసుకోరు.

మరి ఎదురు నిలబడేదెవరు? తలుపు వైపువాళ్లతో సహా మగపిల్లలంతా తలలు దించుకున్నారు. చివరి బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, "నేను నిలబడతా మేడమ్," అంది. నోరు గల పిల్ల. ఎవరితోనైనా జగడానికి దిగుతుంది. ఆ పిల్ల తండ్రి ఎవరో తెలుసా? ఆ నాయకుడి దగ్గరే ఏడాది జీతానికి ఉండే మనిషి. ఆయన చేలోనే పని, ఆయన ఇచ్చిన కొట్టంలోనే కాపురం. అయినా కూర్చోమ్మా అని అనలేకపోయాను.

సాయంత్రానికల్లా ఆ తండ్రి బడికొచ్చాడు. తువ్వాలు చేతుల్లో మెలితిప్పుతూ గడప అవతలే నిలబడ్డాడు.

"టీచరమ్మా, మా పాప పేరు కొట్టెయ్యండి. మీరు ఈ పొద్దు ఈడుంటారు, రేపు బదిలీ అయితే పోతారు. మేము ఈన్నే బతకల్ల, ఈన్నే సావల్ల. ఆయప్పకు కోపమొస్తే మాకు కూడూ లేదు, కొట్టమూ లేదు. పాప సదువు గూడా ఆడికే నిలిచిపోతాది."

అప్పటిదాకా నాకున్న ఉత్సాహమంతా నీరుగారిపోయింది. ఆ పిల్లే వచ్చి తండ్రి చేయి పట్టుకుంది. "నాయనా, నేను యాడ గెలుస్తా? ఆయబ్బికి కాకుండా నాకెవురేస్తారు? ఓడిపోతే ఎవురికీ కోపం రాదు గదా. ఉత్తగా నిలబడనీ నాయనా," అని బతిమాలింది. ఓడిపోవడం ఖాయమన్న ధైర్యంతోనే ఆయన సరేనన్నాడు. నేనూ ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నాను.

ఎన్నికకు ముందు ఇద్దరినీ మాట్లాడమన్నాను. పిల్లవాడు లేచి, "నాకేయండి," అని కూర్చున్నాడు. అంతే ప్రసంగం. ఆ పిల్ల మాత్రం అందరి ముందుకొచ్చి, "వాలీబాలు ఎప్పుడూ ఒక్క వరసోళ్లే ఆడుకుంటాండారు. నేను లీడరైతే ఒకరోజు వాళ్లకు, ఒకరోజు వీళ్లకు, ఒకరోజు ఆడపిల్లలకు ఇస్తా. నన్ను తిట్టినోళ్లకు గూడా ఇస్తా," అంది.

గది మూలలో తాడు కట్టి, మా ఇంటి నుంచి తెచ్చిన దుప్పటి వేలాడదీశాను. దాని వెనక రెండు కుండలు పెట్టాను, ఒకటి ఓటుకు, ఇంకొకటి మిగిలిన గింజ పారేయడానికి. "లోపల మీరేం వేశారో మీకే తెలియాలి. అమ్మ అడిగినా, నాన్న అడిగినా, నేనడిగినా చెప్పొద్దు. అడగడం అడిగినవాళ్ల తప్పు," అన్నాను. ఒక్కొక్కరే వెళ్లారు. కొందరు లోపల చాలాసేపు ఉండిపోయారు. ఇంట్లో ఎవరూ ఏ విషయంలోనూ నీకేది కావాలని అడగని పిల్లలు, మరి ఆలోచించుకోవద్దా?

అందరి ముందూ కుండ బోర్లించి లెక్కపెట్టాం. చింతగింజలు ఎక్కువొచ్చాయి.

చప్పట్లు లేవు. అందరూ నాయకుడి కొడుకు వంక చూస్తున్నారు. వాడు సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. గెలిచిన పిల్ల ముఖంలో రక్తం లేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఎంత పని చేశానురా దేవుడా, ఆ మనిషి నోటికాడి కూడు తీసేశానే అని ఒకటే గుబులు.

మరుసటి రోజు ప్రార్థన అయ్యీ కాకముందే జీపు వచ్చింది. నాయకుడు ఇద్దరు మనుషులతో నేరుగా తరగతిలోకి నడిచాడు. పిల్ల తండ్రి అప్పటికే గోడ పక్కన నిలబడి ఉన్నాడు. చేనుకు పోయేవాణ్ణి దారిలోనే పిలిపించారట.

"ఏమ్మా టీచరమ్మా, మా పిల్లోడు ఓడిపోయినాడంట?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే నాకు నయంగా ఉండేది.

"ఓడిపోయాడండీ."

"మేము ఈ ఊర్లో ఓడిపోయింది ఎప్పుడూ లేదే. ఎవురెవురు ఎయ్యలేదో చెప్పు."

"నాకూ తెలియదండీ," అని కుండ చూపించాను. ఆయన లోపల చెయ్యి పెట్టి గింజలు తీసి చూసుకున్నాడు. "గింజలా!" అని ఒక నవ్వు నవ్వి, గోడ వైపు తిరిగాడు. "ఏమప్పా, కూతురికి నువ్వేనా నేర్పించింది?" ఆ తండ్రి తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. పిల్ల లేచి నిలబడింది. ఎప్పుడూ నోరు మూయని పిల్ల, తండ్రి వంకే చూస్తూ నిలబడింది.

నాయకుడు కొడుకును పిలిచాడు. "రేయ్, మన వరసలో ఎవురు ఎయ్యలేదురా?"

"తెలీదు నాయనా. దుప్పటి ఎనకాల ఎవురు ఏమేసినారో ఎట్ల తెలుస్తాది?"

"సరే, నువ్వు ఎవురికేసినావు? నీకు నువ్వే ఏసుకున్నావా లేదా?"

పిల్లవాడు తల దించుకున్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నా వంక ఒకసారి చూసి, మళ్లీ తండ్రి వంక చూశాడు.

"అది అడగగూడదు నాయనా."

ఆయన వెంట వచ్చిన ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ ఊళ్లో ఆ మనిషికి ఎదురుగా నిలబడి అడగకూడదని అన్నవాళ్లు లేరు. "నాకు గూడానా?" అన్నాడు తండ్రి.

"ఎవురికైనా అంతే. అమ్మ గూడా అడిగింది, చెప్పలే."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. నా సర్వీసంతటిలో నాకు శాలువాలు కప్పారు, దండలేశారు. అవన్నీ ఒక ఎత్తు, ఆ పిల్లవాడు నిలబడిన తీరు ఒక్కటీ ఒక ఎత్తు. నేనే చెప్పాను వాడికి, నా క్లాసులోనే నేర్చుకున్నాడు అని ఈ రోజుకీ ఎవరు దొరికినా చెప్పుకుంటాను. గర్వమనుకోండి, నాకేం సిగ్గు లేదు.

నాయకుడు చేతిలోని గింజలు కుండలో పడేసి, అరచేయి పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత గోడ పక్కనున్న మనిషి వైపు తిరిగి, "ఏం జూస్తాండావు ఈడ నిలబడి? పొద్దెక్కింది. చేనికి నీళ్లు కట్టేదెవురు, నేనా? పో!" అని కసిరాడు.

తిట్టే. కానీ ఆ తిట్టు విన్నాకే ఆ తండ్రికి ప్రాణం లేచొచ్చింది. తువ్వాలు తలకు చుట్టుకుంటూ పరుగులాంటి నడకతో చేను దారి పట్టాడు. అతని కూతురు ఆ ఏడాదంతా లీడరుగా ఉంది. మగపిల్లలను గడగడలాడించింది, పదో తరగతి కూడా మా బడిలోనే పాసయింది.

ఆ పిల్లవాడు ఇప్పుడు పిల్లల తండ్రి. జమ్మలమడుగు బస్టాండులో ఎప్పుడైనా కనిపిస్తే చేతిలో సంచీ అందుకుని బస్సెక్కించి వెళతాడు. ఆ రోజు దుప్పటి వెనక ఏ గింజ వేశాడో నాకు తెలియదు. అడిగితే నాకు చెప్తాడేమో. నేను అడగను.