రైఫిల్‌కు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో, అంటే ఉప్పల్ రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు ఒక్కొక్కటే లేస్తూ మా ముక్కుల్లో సిమెంటు దుమ్ము నింపుతున్న రోజుల్లో, నాకొక గట్టి నమ్మకం ఉండేది. పని చక్కగా వస్తే గొప్ప మనిషిది, రాకపోతే తప్పు పనిముట్టుది. (ఈ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. మొన్న ఉప్మా మాడితే గిన్నెను తిట్టాను.) అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. నాచారంలో ఇనుము కోసే లేతు మిషన్ల షెడ్డులో పని, ఉప్పల్‌లో అద్దె గది, పెళ్ళి ఇంకా కాలేదు. ఆదివారాలు ఎలా గడపాలో తెలియక, మా గదికి రెండు వీధుల అవతల ఫంక్షన్ హాలు వెనకున్న రేకుల షెడ్డులో రైఫిల్ షూటింగ్ నేర్పుతున్నారంటే వెళ్ళి చేరిపోయాను. అక్కడ నేర్పే పెద్దాయనను అందరూ ఊపిరి సార్ అనేవాళ్ళు. ఊపిరి పట్టు, ఊపిరి వదులు అన్న రెండు మాటలతోనే ఆయన పాఠమంతా అయిపోయేది.

చేరకముందే నేను సగం పండితుణ్ణి. చవక సెమీ ఆటోమేటిక్ తుపాకీ మంచిదా, ఖరీదైన సెమీ ఆటోమేటిక్ మంచిదా అని ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వాదించుకునే వీడియోలు ఫోన్‌లో వరసపెట్టి చూసి ఉన్నాను. మొదటి రోజే ఊపిరి సార్‌ను అదే అడిగాను. ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూసి, "గవి మనలాంటోళ్ళకు ఇయ్యరు బిడ్డా. మనకు గాలి రైఫిలే. ఒకటి పెట్టుడు, ఒకటి కొట్టుడు. ముందుగాల గా ఒక్కటి సక్కగ కొట్టు, తర్వాత సూద్దాం" అన్నాడు. దాంతో నా జబ్బు నయం కాలేదు, కాస్త చిన్నదయిందంతే. సెమీ ఆటోమేటిక్‌ల మధ్య తేల్చుకోవాల్సింది గాలి రైఫిళ్ళ మధ్య తేల్చుకోవడం మొదలుపెట్టాను.

అమ్మకానికి అక్కడ రెండు ఉండేవి. ఒకటి దేశవాళీది. ప్రతిసారీ గొట్టాన్ని చేతిపంపు కొట్టినట్టు కిందికి వంచి పెల్లెట్ అనే సీసపు గింజ పెట్టాలి, పేలిస్తే లోపలి స్ప్రింగు భుజాన్ని ఒక్క తన్ను తన్నేది. దాని కట్టె పగిలితే ఎవరో సైకిల్ ట్యూబుతో కట్టు కట్టారు. రెండోది ఫారిన్‌ది. తన్నదు, అరవదు, గురి చూడటానికి నువ్వుగింజంత రంధ్రం ఉంటుంది, అందులోంచి చూస్తే లోకంలో టార్గెట్ మీది నల్లచుక్క తప్ప ఇంకేమీ లేనట్టుంటుంది. ధర వింటే మాత్రం నా రెండేళ్ళ ఓవర్‌టైం కళ్ళ ముందు తిరిగింది. ఎటూ తేల్చుకోలేక నెల రోజులు దేశవాళీదానికి దండం, ఫారిన్‌దానికి నమస్కారం పెడుతూ గడిపాను.

తేల్చుకోక తప్పని రోజు దసరా తర్వాతి ఆదివారానికి ఖాయమైంది. జిల్లా పోటీలకు వెళ్ళే జట్టులో కొత్తవాళ్ళకు ఒక్క చోటు ఖాళీ ఉంది. దానికి ఇద్దరం మిగిలాం. నేను, టీచరమ్మ. ఆవిడ కోస్తా వైపు నుంచి వచ్చి నాచారంలో లెక్కలు చెప్పే మనిషి. ఏ రైఫిల్ చేతికిస్తే దాంతోనే కొట్టి, చాయ్ తాగి వెళ్ళిపోయేది. నేనేమో ఊళ్ళో అమ్మకు జిల్లా పోటీలకు ఎంపికైనట్టేనని ఫోన్లో చెప్పేశాను. (అయినట్టే అన్నాను, అయ్యానని అనలేదు. అమ్మ మాత్రం వాడకట్టంతా తిరిగి చెప్పి వచ్చింది.) ఊపిరి సార్ జాలిపడి, "రెండూ నీ దగ్గరనే పెట్టుకో. ఆదివారం రెండిటితోని కొట్టు. ఏది నచ్చితే గది కొనుక్కో" అన్నాడు.

ఇలాంటి పెద్ద విషయాలు నేను మైక్రాన్ మామను అడగకుండా తేల్చేవాణ్ణి కాదు. చుట్టరికమేమీ లేదు, షెడ్డు మొత్తానికీ ఆయన మామే. మేం కోసిన ప్రతి ముక్కా చివరికి ఆయన బల్ల మీదికి వెళ్ళాలి. చేతిలోకి తీసుకుని, ఇంకా కొలవకముందే "రెండు మైక్రాన్లు ఎక్కువుంది" అనేవాడు, తర్వాత మైక్రోమీటరు కూడా వినయంగా అదే చెప్పేది. (మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క మైక్రాన్.) రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలున్నాయి. నా గోడు విని, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ కథ. అయినా కొత్త సామాను పూజ జెయ్యకుండ ఎట్ల ముట్టుకుంటవ్? ఆయుధపూజ నాడు రెండిటినీ తీసుకరా" అన్నాడు.

తీసుకెళ్ళాను. ఉప్పల్‌లో స్టేడియం ఉన్న పుణ్యాన భుజానికి పొడుగు సంచీ వేసుకున్న ప్రతివాడూ క్రికెటరే. ఆటో అతను అద్దంలో చూస్తూ, "బ్యాటింగా అన్నా, బౌలింగా?" అని అడిగాడు. "రెండూ ఉన్నయ్" అన్నాను, అబద్ధమెందుకని. షెడ్డులో లేతులన్నీ కడిగి తుడిచి, బంతిపూల దండలేసి, గుమ్మడికాయ సిద్ధం చేసి ఉంచారు. దేశవాళీ రైఫిల్‌ను నా చేత్తోనే ముస్తాబు చేశాను. లేతుకు పట్టించినట్టే గొట్టం నిండా, స్ప్రింగు నిండా ఆయిలు పోశాను. (నూనె ఎక్కువై చెడిపోయిన మిషను నేనెక్కడా చూడలేదు మరి.) ఫారిన్‌దాన్ని ముట్టుకునే ధైర్యం లేక మామ చేతికిచ్చి, "నీ చేత్తో బొట్టు పెట్టు మామా" అన్నాను. ఆయన పసుపూ కుంకుమా కొబ్బరినూనెలో రంగరించి, రైఫిల్‌ను పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని వేలితో తడిమి, "గిదే దీని నుదురు లెక్కుంది" అంటూ నిండుగా ఒత్తి పెట్టాడు. నేను ఫోటోలకు నిలబడే హడావుడిలో ఉన్నాను. పూజ చేసిన వస్తువు కదా అని ఆదివారం దాకా సంచీ కూడా విప్పలేదు.

ఆదివారం వచ్చింది. అరగంటలో ఇరవై పెల్లెట్లు కొట్టాలి. నన్ను చూడటానికి మామ వచ్చాడు, ఆయన వెంట మా లేతు షెడ్డులోని ఇద్దరు పోరగాళ్ళు కూడా వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. ముందు ఫారిన్‌దాన్ని ఎత్తి కన్ను ఆనించాను. చీకటి. ఊపిరి పట్టాను, వదిలాను, చీకటి అలాగే ఉంది. రెండో కన్ను పెట్టి చూసినా అదే చీకటి. నా చూపు పోయిందేమోనని భయపడి వెనక్కి తిరిగితే బెంచీ మీద ముగ్గురూ నిక్షేపంగా కనబడ్డారు. టైం అయిపోతోందని కంగారులో దాన్ని పక్కన పెట్టి దేశవాళీదాన్ని వంచి, పెల్లెట్ పెట్టి ట్రిగ్గర్ నొక్కాను. లోపల నొక్కుకుపోయిన గాలి వేడికి నేను పోసిన ఆయిలంతా ఒక్కసారిగా అంటుకుని, దీపావళి ముందే వచ్చినట్టు ఢామ్మని పేలింది. రేకుల షెడ్డంతా పొగ. పక్కన ఫంక్షన్ హాల్లో పెళ్ళి భోజనాలు చేస్తున్నవాళ్ళు సగం విస్తళ్ళ ముందు నుంచి లేచి వచ్చారు. టీచరమ్మ మాత్రం తన పెల్లెట్ తను కొట్టేసి, "ఏవండీ, ఆ పొగ కాస్త అటువైపు పంపిస్తారా?" అంది.

ఊపిరి సార్ ఫారిన్ రైఫిల్‌ను తిప్పి చూసి, టీచరమ్మ దగ్గర పిన్నీసు అడిగి తీసుకుని, గురి రంధ్రంలోంచి ఎండిపోయిన కుంకుమ ముద్దను బయటికి లాగాడు. "ఈ బొట్టు ఎవలు పెట్టిన్రు?" అన్నాడు. "సూడు బిడ్డా, వేరేటోళ్ళు జేసిన్రంటే నీ తప్పు గాదు, ఇంకో అరగంట ఇస్త. నువ్వే జేసుకున్నవంటే నేనేం జెయ్యలేను" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నిజం చెబితే చాలు, అరగంట నాదే.

ఈలోగా మామ లేచి వచ్చి రైఫిల్ చేతిలోకి తీసుకున్నాడు. "రంద్రమా? ఏడుంది రంద్రం?" అని దూరంగా పట్టుకుని చూశాడు, ముక్కు దగ్గరికి తెచ్చి చూశాడు, చివరికి బొటనవేలితో తడుముతూ ఉండిపోయాడు. అప్పుడు నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. కొన్నాళ్ళుగా మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబులైటు వెయ్యమంటున్నాడు. "నీ గొంతు మంచిగుంటదిరా" అని డ్రాయింగులోని అంకెలు నాతో చదివిస్తున్నాడు. నా గొంతు నిజంగానే బాగుంటుందనుకుని నేను మురిసిపోతున్నాను. బెంచీ మీద పోరగాళ్ళిద్దరూ పళ్ళికిలిస్తూ చూస్తున్నారు. మైక్రాన్ మామకు నువ్వుగింజంత రంధ్రం కనబడలేదట అన్న మాట సోమవారం పొద్దున్నకల్లా చర్లపల్లి షెడ్ల దాకా పోతుంది. ఒకవైపు అమ్మ, వాడకట్టు, జిల్లా పోటీలు. ఇంకోవైపు ఆ బొటనవేలు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"నేనే పెట్టుకున్న సార్" అన్నాను. మామ తలెత్తి, "అరే, గది నేను గదరా..." అనబోయాడు. "నువ్వు పెట్టింది ఇంకోదానికి మామా, మర్సిపోయినవ్" అని అడ్డుకున్నాను. ఆయన నా వైపు కాసేపు చూసి, మెల్లగా వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

చోటు టీచరమ్మకు వచ్చింది. ఆ సాయంత్రమే ఆవిడ చాయ్ తాగినంతసేపు ఆలోచించి ఫారిన్ రైఫిల్ కొనేసుకుంది. నేను నెల రోజులు చేసిన పని ఆవిడకు ఒక్క కప్పులో అయిపోయింది. నాకు సైకిల్ ట్యూబు రైఫిలూ, షెడ్డులో కుంకుమభరిణె అన్న పేరూ మిగిలాయి. అమ్మ మాత్రం వాడకట్టులో తలవంచలేదు. "మావోనికి ఇచ్చిన తుపాకే మంచిది కాదంట" అని చెప్పుకుందట. (నా నమ్మకం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.) ఆ తర్వాత కొన్నాళ్ళు మామ కొలిచిన ముక్కలన్నీ ఆయన చాయ్‌కి లేచినప్పుడు మళ్ళీ నేను కొలిచేవాణ్ణి. కొలిచి పెట్టినవి కొంచెం పక్కకు జరిగి ఉన్నాయని ఆయన గమనించాడో లేదో, ఎప్పుడూ అడగలేదు. చలికాలంలో మాత్రం ఎవరికీ చెప్పకుండా సెలవు పెట్టి, కంటి దవాఖానకు పోయి రెండు కళ్ళకూ శుక్లాలు తీయించుకుని వచ్చాడు.

డ్యూటీలో చేరకముందే ఒక ఆదివారం షూటింగ్ షెడ్డుకు వచ్చాడు. టీచరమ్మను అడిగి ఆ రైఫిల్ చేతిలోకి తీసుకుని, రంధ్రానికి కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. దించాక, "గింత చిన్నగుంటదారా రంద్రం" అన్నాడు. నా మెడ మీద చెయ్యేసి చాయ్ కొట్టు దాకా అలాగే నడిపించుకుపోయాడు. మర్నాడు షెడ్డులో ఒకడు నన్ను కుంకుమభరిణె అని పిలవగానే బల్ల దగ్గర నుంచే, "గది నేను పెట్టిన బొట్టు. ఇంకోసారి అంటే నీకు గూడ పెడ్త" అన్నాడు. రిటైరయ్యే దాకా ఎవడు అన్నా అదే మాట చెప్పాడు.

ఇప్పుడు ఆ బల్ల నాది. స్తంభాల మీద మెట్రో తిరుగుతోంది. దేశవాళీ రైఫిల్ ఇంట్లో బీరువా మీద ఉంది, మొన్న దసరాకు కిందికి దించి శ్రద్ధగా బొట్టు పెట్టాను. కాసేపయ్యాక వెనక్కి తిరిగి చూస్తే మా ఆవిడ కొంగు చివరతో దాని గురి ముల్లు మీది నా బొట్టు తుడిచి, పక్కన కట్టె మీద చిన్న బొట్టు పెడుతోంది. నేను చూశానని ఆమెకు తెలియదు. గదిలోకి పోయి కంటి దవాఖాన నంబరు వెతుకుదామని ఫోను తీశాను. అక్షరాలన్నీ అలికినట్టు కనబడ్డాయి. ఈ చవక ఫోన్లు ఇంతే, మంచిదొకటి కొనాలి.