మోషే పేరు దగ్గర

పీతల రసంలో మిరియాల ఘాటు లేచినప్పుడల్లా నాకు ఖాజాబీ గుర్తొస్తుంది. ఇవాళ కోడలు పొయ్యి మీద ఆ గిన్నె పెట్టగానే లేచి బయటికి వచ్చేశాను.

అప్పట్లో జాలరిపేట నుంచి తట్ట ఎత్తుకుని పాతపట్నం వీధుల్లో చేపలమ్మేదాన్ని. ఖాజాబీ అక్కడ జాకెట్లు కుట్టేది. చర్చికి బైబిలు మోసుకెళ్లడమే గాని ఒక్క ముక్క చదవలేనని చెప్పుకుంటే, కుట్టుమిషను ఆపి నన్ను గుమ్మంలో కూర్చోబెట్టింది. నలభై దాటిన నాకు అక్షరాలు నేర్పి, ఆపైన ఆ బైబిలే తెమ్మంది. పాస్టరుగారు సువార్తలతో మొదలుపెట్టమన్నారంటే ఒప్పుకోలేదు. "పుస్తకం మజ్జిలోంచి సదూతారేటే? మొదట్నుంచి సదువు." నేను కూడబలుక్కుంటూ చదివేదాన్ని, తను కుట్టుకుంటూ వినేది. మోషే పేరు రాగానే మిషను ఆగేది. "మా మూసాయే. అలైహిస్సలాం," అనేది. ప్రవక్త పేరు వింటే ఆయనకు శాంతి కలగాలని వాళ్లు అలా అంటారట. ఆ మాట అయ్యేదాకా నన్ను ముందుకు పోనిచ్చేది కాదు.

అలా లేవీయకాండానికి వచ్చాం. రెక్కలూ పొలుసులూ లేని నీటిజీవులను తినకూడదని ఉంది. ఆ రోజు నా తట్టలో ఉన్నవన్నీ పీతలూ రొయ్యలే. చదవడం ఆపేశాను.

"నాను పాపం అమ్ముతన్నానా బూబమ్మా?"

"మీ అయ్యగార్నడుగు. నాను సెప్తే తప్పు."

ఆ ధర్మశాస్త్రాన్ని క్రీస్తు నెరవేర్చాడనీ, తిండి కట్టడి మనకిక లేదనీ పాస్టరుగారన్నారు. అది చెబితే ఖాజాబీ నవ్వింది. "మూసాకి దేవుడు పుస్తకం ఇచ్చింది నిజమే. తరవాత మనుసుల సేతుల్లో మారిందంటారు మావోళ్లు. మాకు ఖురానే. మీకు బరువు దించేడు, మాకు ఇంకో బరువెత్తేడు. మా ఇంట పీతలు ముట్టం, రొయ్యలెట్టిపో!"

తర్వాత ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. మందులు మింగుతున్నా మిషను తొక్కే కాళ్లు పుల్లలయ్యాయి. మా పేటలో ఆయాసానికి పీతల రసాన్ని మించిన మందు లేదంటారు. కాచి తీసుకెళ్లాను. మూత తీయకముందే కనిపెట్టింది.

"పీత కదే?"

"ఒక్క గుక్క తాగు బూబమ్మా. పేనం నిలబడితే సాలు. నీ దేవుడు కోప్పడడు."

"నీకు దించేడే అప్పాయమ్మా, నాకు దించలేదు. ఇంత దూరం మోసి ఇప్పుడు దార్లో పడీమంటావేటి?" గిన్నె నా వైపు జరిపింది. "సల్లారిపోతాది. నువ్వు తాగీ."

ఆమె ముందే కూర్చుని తాగాను. వారం తిరక్కుండానే పోయింది. మగవాళ్లు జనాజా ఎత్తుకెళ్తుంటే వీధి మలుపులో నిలబడి చూశాను. ఆ గుక్క తాగి ఉంటే బతికేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంకొంచెం బతిమాలాల్సింది.

ఇప్పుడు ఆదివారాలు చర్చిలో వాక్యం నన్ను చదవమంటున్నారు. మోషే పేరు దగ్గర ఆగుతాను. పాపం, ముసలితనంలో నేర్చుకుంది, తడబడుతోందని వెనక ఎవరో గుసగుసలాడతారు. తడబాటు కాదు. ఆమె మాట అయ్యేదాకా ఆగి, అప్పుడు ముందుకు పోతాను.