కత్తి పిడి ఎటువైపు

బర్ల్ హచిన్స్ పేరెత్తితే గుట్ట మీది డబ్బున్న ఇళ్ళవాళ్ళు దేవుడంటారు. లోయలోవాళ్ళు పక్కకు తిరిగి ఉమ్మేస్తారు. ఇద్దరికీ తెలిసింది సగం సగమే. నాకు మొత్తం తెలుసు. నాలుగో తరగతిలో మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆ తర్వాత పైన్‌ఫోర్క్ హైస్కూల్లో ఇరవై రెండేళ్ళు నేను వంట చేశాను. అందులో చివరి తొమ్మిదేళ్ళు అతను అదే స్కూల్లో పోలీసు. నేను రోజూ మూడొందల మందికి మాంసం ముక్కలు పెట్టిన పెపరోనీ రొట్టెలు కాల్చేదాన్ని, అతను నడుముకు తుపాకీ పెట్టుకుని ఆ మూడొందల మందికీ కాపలా కాసేవాడు. ఆ కాపలా ఎలాంటిదో చెప్తాను, వినండి.

బర్ల్ పుట్టింది మా లిక్ రన్ లోయలోనే, మా ఇంటికి మూడిళ్ళ అవతల. వాళ్ళ నాన్న వర్జిల్ పగలంతా బొగ్గు గనిలో పని చేసేవాడు, ఇంటికొచ్చాక బెల్టుతో పని చేసేవాడు. బర్ల్‌కు ఎనిమిదేళ్ళప్పుడు ఆ మనిషి మడతకత్తి తెరిచి బల్ల మీద పెడితే, వీడు మంచిపని చేస్తున్నాననుకుని దాన్ని మడిచి చేతికిచ్చాడు. మా లోయలో అది చెయ్యకూడని పని. కత్తి ఎవరు తెరిస్తే వాళ్ళే మూయాలి. తెరిచిన కత్తి మన చేతికిస్తే, పని కానిచ్చుకుని తెరిచినట్టే తిరిగివ్వాలి, పిడి వాళ్ళ వైపు, అంచు మన వైపు పెట్టి. వేరేవాళ్ళు మూస్తే ఆ కత్తి ఎప్పటికైనా తెరిచినవాడి ఒంట్లోనే దిగుతుందని మావాళ్ళ భయం. మర్నాడు గనిలోకి దిగాల్సిన మనిషి కదా, వర్జిల్‌కు పిచ్చి పట్టింది. బెల్టు తిప్పి బకిల్ వైపుతో కొట్టాడు. పిల్లాడి మెడ కింది ఎముక విరిగింది. మా కోళ్ళ గూట్లో దాక్కుంటే నేనే రొట్టె పట్టుకెళ్ళాను. వాడు ఏడవలేదు. "తప్పు నాదే ఓలీ" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళకు రాష్ట్ర జైల్లో గార్డుగా చేరాడు. మూడో ఏడు ఒక ఖైదీ పళ్ళు తోముకునే బ్రష్షును గోడకేసి అరగదీసి, మొన తేల్చి, అతని దవడలో దింపాడు. అప్పటినుంచి బర్ల్ ముందు కొట్టి తర్వాత అడగడం నేర్చుకున్నాడు. పద్నాలుగేళ్ళు ఆ విద్యే నేర్చి, దాంతోనే మా స్కూలుకు వచ్చాడు.

అయితే అందర్నీ కొట్టేవాడు కాదు. అక్కడే నాకు ఒళ్ళు మండేది. మా ఊళ్ళో కొత్త పిల్ల కనిపిస్తే పేరు అడగరు, "ఎవరి పిల్లవి?" అని అడుగుతారు. బర్ల్ కూడా అదే అడిగేవాడు. "డాక్టరుగారబ్బాయిని" అంటే భుజం మీద చెయ్యేసి ఫుట్‌బాల్ కబుర్లు చెప్పేవాడు. వాడు బీరు కంపు కొడుతుంటే తన బండిలో ఇంటి దగ్గర దింపేవాడు. "లిక్ రన్ టోలర్‌గారబ్బాయిని" అంటే గోడకు తిప్పి కాళ్ళు ఎడం చేయించేవాడు. గుట్ట పిల్లలు అతనికి పేర్లతో తెలుసు. లోయ పిల్లల్ని మాత్రం ఖైదీల్లాగా ఇంటిపేరు పెట్టి అరిచేవాడు.

ఒకరోజు వేడ్ టోలర్ దగ్గర సిగరెట్ వాసన వచ్చిందని వాడి మొహాన్ని లాకర్‌కేసి బాదాడు. ముందు పన్ను ఊడి నేల మీద పడింది. నేను ఆ పన్నును, డాక్టర్లు మళ్ళీ అతికించగలరేమోనని, పాల డబ్బాలో వేసి, పిల్లాణ్ణి ఆసుపత్రికి పంపి, తిన్నగా బర్ల్ దగ్గరికి వెళ్ళాను.

"ఒరేయ్, నీ చెయ్యి పడిపోను! పదిహేనేళ్ళ పిల్లాడ్రా వాడు!"

"అరవకు ఓలీ."

"నిన్న ఆ డాక్టరుగారబ్బాయి పెదాల మధ్యే సిగరెట్ ఉందిగా. అప్పుడేమైంది నీ పౌరుషం? వాణ్ణి ముట్టుకోవేం?"

"గుట్ట పిల్లోణ్ణి ముట్టుకుంటే అయిదు నిమిషాల్లో ఫోన్ మోగుద్ది. లోయ పిల్లోణ్ణి ముట్టుకుంటే ఏం మోగుద్ది?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి, "రేపు జైల్లో ఇంతకంటే గట్టిగా తగుల్తాయి వీళ్ళకి. నేను కొడితేనన్నా భయముంటుంది. మనోళ్ళ మంచికే" అన్నాడు.

నిజంగానే నమ్మాడు ఆ మాట. అబద్ధాలకోరైతే ఇంత కోపం వచ్చేది కాదు నాకు.

ఇక డార్సీ కాస్టో సంగతి. ఆ పిల్ల కూడా మా లోయదే, పదిహేడేళ్ళు. తండ్రి హార్లన్ ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము. ముక్కుకు గొట్టం, పక్కన చక్రాల మీద ఆక్సిజన్ సిలిండర్ లేనిదే వాకిట్లోకి కూడా రాలేడు. చలికాలం ఆ ఇంట్లో నలుగురూ తినేది డార్సీ వేటాడి తెచ్చిన జింక మాంసమే. తండ్రికి మందులు తనే చూసుకునేది, సిలిండర్ తనే మార్చేది. చూసి చూసి, ఆ పనే చదువుకోవాలనుకుంది. జిల్లా నర్సింగ్ బడిలో పన్నెండు సీట్లుంటే ఒకటి తెచ్చుకుంది. ఆ ఉత్తరం నాకు చూపించడానికి వంటగదిలోకి పరుగెత్తుకొచ్చింది. అడుగున ఒక వాక్యం ఉంది: చేరేలోపు పోలీసు కేసు ఏదైనా నమోదైతే సీటు రద్దు.

"కేసా? నా మీదా? నాకంత తీరికెక్కడిది మిస్ ఓలీ!" అని పకపకా నవ్వింది.

నవంబరు చివర్లో జింకల వేటకు స్కూలుకు వారం సెలవు. సెలవయ్యాక మొదటి సోమవారం, మధ్యాహ్నం భోజనాల వేళ జరిగింది అది. నేను కౌంటర్ వెనకే ఉన్నాను, మొత్తం కళ్ళారా చూశాను.

బ్రైస్ ఆంబ్లర్ అని గుట్ట మీది కుర్రాడు. వాళ్ళ నాన్నకు కార్ల షోరూమ్, పైగా స్కూలు బోర్డులో సభ్యుడు. వాడు తాతగారి మడతకత్తి జేబులో పెట్టుకొచ్చాడు. అందరికీ చూపిస్తూ దాన్ని తెరిచి, డార్సీ ముందు పెట్టాడు.

"ఏయ్ కాస్టో! జింక తోలు వలిస్తే గానీ మీకు కూడు లేదంటగా. నా ఆపిల్ వలిచి పెట్టు."

డార్సీ వాడి వైపు చూసింది. కత్తి తీసుకుంది. ఆపిల్ తొక్కంతా ఎక్కడా తెగకుండా ఒకే పొడుగు ముక్కగా తీసి వాడి పళ్ళెంలో పడేసింది. "పాపం, ఆపిల్ కూడా అమ్మే వలిచి పెట్టాలా బాబూ?" అంది. రెండు బల్లల పిల్లలు గొల్లున నవ్వారు. గుట్ట పిల్లలూ నవ్వారు. బ్రైస్ మొహం కందగడ్డయింది.

డార్సీ కత్తి తిరిగివ్వబోయింది. మా లోయలో నేర్పినట్టే చాచింది, మడవకుండా, పిడి వాడి వైపు, అంచు తన వైపు. వాడు అందుకోలేదు. తలుపు దగ్గర బర్ల్ కనిపించాడు వాడికి. రెండు చేతులూ పైకెత్తి వెనక్కి జరిగి, "కత్తి! దీని చేతిలో కత్తుంది!" అని అరిచాడు. అరుస్తున్నప్పుడు వాడి పెదాల మీద నవ్వు నేను చూశాను.

"కాస్టో! ముయ్ దాన్ని!" అని గర్జించాడు బర్ల్.

"నేను తెరవలేదు సార్. వాడు తెరిచాడు. వాణ్ణి తీసుకోమనండి" అంది డార్సీ, చెయ్యి చాచినది చాచినట్టే ఉంచి. బల్ల మీద పెట్టేద్దామని వంగింది కూడా.

బర్ల్ రెండంగల్లో వచ్చి పడ్డాడు. ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి మెలిపెట్టాడు. మణికట్టు విరిగిన చప్పుడు కౌంటర్ ఇవతల నాకు వినిపించింది. పిల్ల కేక వేసేలోపే తల పట్టుకుని బల్లకేసి కొట్టాడు. పళ్ళెం అంచు తగిలి కనుబొమ్మ చీలింది. కింద పడేసి వీపు మీద మోకాలు వేశాడు. రక్తం పాలల్లో కలిసి బల్ల మీంచి కారుతోంది. వేడ్ టోలర్, ఇంకో కుర్రాడు అతని మీదికి దూకారు. బర్ల్ లాఠీ తీసి వేడ్ గొంతు మీద పొడిచాడు, రెండోవాడి మోకాలి చిప్ప మీద కొట్టాడు. కళ్ళు మండించే కారం స్ప్రే డబ్బా తీసి అటూ ఇటూ చిమ్మేశాడు. ఎనభై మంది పిల్లలు కళ్ళు పట్టుకుని, కక్కుకుంటూ, ఒకరినొకరు తొక్కుకుంటూ తలుపుల వైపు పరుగెత్తారు.

నేను కౌంటర్ దాటాను. చేతిలో రొట్టెలు కాల్చే ఇనుప పళ్ళెం ఉంది. ఉన్న బలమంతా పెట్టి బర్ల్ వీపు మీద ఒక్కటి వేశాను. జన్మలో ఒక మనిషిని కొట్టడం అదే మొదటిసారి. ఇప్పటికీ ఇసుమంత సిగ్గు లేదు. దెబ్బకు అతను తల తిప్పి నన్ను చూశాడు. అప్పుడు గానీ మోకాలు తియ్యలేదు.

ఆసుపత్రిలో డార్సీ చేతికి కట్టు, కనుబొమ్మకు తొమ్మిది కుట్లు. బర్ల్ మాత్రం స్కూల్లో కూర్చుని నివేదిక రాశాడు: విద్యార్థిని కత్తి అంచు విద్యార్థి వైపు చూపి పొడవబోయింది, కింద పడెయ్యమన్నా వినలేదు. మారణాయుధంతో దాడి అని కేసు. ఆ సీటు పోవడానికి ఆ ఒక్క కాగితం చాలు. ఆ కేసు నిలబడుతుందో లేదో తేల్చే స్కూలు బోర్డు విచారణ వచ్చే సోమవారమన్నారు.

శనివారం బర్ల్ ఇంటికి వెళ్ళాను. పెరట్లో కట్టెలు కొడుతున్నాడు.

"పిడి ఎటుంది బర్ల్?"

గొడ్డలి ఆగలేదు.

"నిన్నే అడుగుతున్నాను. పిడి ఎటుంది?"

"పింఛనుకి పదకొండు నెలలుంది ఓలీ. నిజం చెబితే అదీ పోద్ది, ఉద్యోగమూ పోద్ది. అయినా డజను మంది చూశారుగా, వాళ్ళు చెప్పుకోనీ."

"లోయ పిల్లలు డజను మంది చెబితే ఎవడ్రా వినేది? గుట్ట పిల్లలేమో నోరు విప్పరు. ఇక నేనంటావా, నీ వీపు మీద పళ్ళెం వేసినదాన్ని, నా సాక్ష్యం ఎవరిక్కావాలి? ఆ పిల్ల బతుకు ఇప్పుడు నీ నోట్లో ఉంది. మింగేస్తావో, బయట పెడతావో నీ ఇష్టం."

"ఎల్లు ఇక్కణ్ణించి."

"పోతాను. నీ మొహం చూడ్డానికి రాలేదు నేను."

సోమవారం పొద్దున్న పదింటికి బోర్డు గదిలో కూర్చున్నాం. జిల్లా స్కూళ్ళ అధికారి లాకర్డ్ గారు పెద్ద బల్ల వెనక. ఆవిడ పక్కన బ్రైస్ తండ్రి, బోర్డు సభ్యుడి కుర్చీలోనే. ఎదురుగా డార్సీ, మోచేతి దాకా సిమెంటు కట్టుతో, కుట్ల చుట్టూ నల్లబడిన మొహంతో. పక్కన హార్లన్, ఆక్సిజన్ సిలిండర్. బర్ల్ యూనిఫారం వేసుకుని గోడవారగా నిలబడ్డాడు.

లాకర్డ్ గారు నివేదిక చదివి, "ఇందులో మార్పులేమన్నా ఉన్నాయా హచిన్స్ గారూ?" అని అడిగారు. మాటవరసకు అడిగారంతే. అప్పటికే కలం మూత తీశారు.

బర్ల్ డార్సీ చేతి కట్టు వైపు చూశాడు.

"ఉన్నాయండి" అన్నాడు. "పిడి అబ్బాయి వైపుంది. అంచు ఈ అమ్మాయి వైపుంది. కత్తి అబ్బాయిది, తెరిచిందీ అతనే. ఈ పిల్ల తిరిగిస్తోంది. నేను రాసింది అబద్ధం."

బ్రైస్ తండ్రి బల్ల గుద్దాడు. "ఏం వాగుతున్నావో తెలుస్తోందా నీకు? నీకు ఆ ఉద్యోగం ఎవరు..." అంటూ లేచాడు. లాకర్డ్ గారు కూర్చోమంటే వినకుండా తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయాడు.

ఆవిడ నివేదికను పక్కకు తోశారు. "కేసు కొట్టేయమని ఈరోజే రాస్తాను. నర్సింగ్ బడికి కూడా ఇప్పుడే రాస్తాను. నీ సీటు నీదేనమ్మా" అన్నారు. హార్లన్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. అమ్మయ్య, అయిపోయిందనుకున్నాను.

డార్సీ లేచి బర్ల్ ముందుకు వెళ్ళింది. బంగారం లాంటి పిల్ల, అతను తప్పుకోవడానికి దారి కూడా తనే చూపించబోయింది.

"ఆ గొడవలో మీకు సరిగ్గా కనపడలేదు కదా సార్? తర్వాత గుర్తొచ్చింది, అంతేనా?"

అవునని తలూపితే సరిపోయేది. ఎవరం ఏమీ అనేవాళ్ళం కాదు.

"లేదమ్మా" అన్నాడు బర్ల్. "తలుపు దగ్గర్నుంచే చూశాను. పిడి ఎటుందో చూశాను. నువ్వెందుకు మూయట్లేదో కూడా తెలుసు నాకు."

"తెలిసే కొట్టారా?"

"నీ చేతిలో ఉంది. అది ఆ అబ్బాయి చేతిలో ఉండుంటే, ఏంటి బాబూ అని అడిగేవాణ్ణి."

హార్లన్ కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు, పిడికిలి బిగించాడు, రెండడుగులు వెయ్యగానే ఊపిరాడక ముందుకు తూలాడు. డార్సీ పరుగున వెళ్ళి ఎడమచేత్తో ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టింది. జారిన గొట్టం ముక్కుకు సరిచేసింది. "నువ్వు లేవకు నాన్నా. ఆయాసం వస్తుంది" అంది.

వెనక్కి తిరిగి వచ్చి, ఎడమ పిడికిలితో బర్ల్ మొహం మీద కొట్టింది. ముక్కులోంచి రక్తం చిమ్మి చొక్కా మీద పడింది. మళ్ళీ కొట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు, గోడకు ఆనుకుని అలాగే నిలబడ్డాడు. పిల్ల పళ్ళు కొరుక్కుంటూ, ఏడుస్తూ, మళ్ళీ కొట్టింది. నేను ఆపమనలేదు. లాకర్డ్ గారు తలెత్తలేదు, నర్సింగ్ బడికి ఉత్తరం రాస్తూనే ఉన్నారు.