కొసరు బద్ద

ఆత్మకూరులో మాది గుడ్డల అంగడి. అందులో మీటరు బద్ద పట్టుకునే హక్కు ఒక్క నాయనకే ఉండేది. నేను ఎం.కాం. చదివాను కాబట్టి నాకు షట్టరు ఎత్తే పని అప్పగించారు.

నాయన కొలిచే తీరు చుట్టుపక్కల అందరికీ తెలుసు. గుడ్డను ఇనుప బద్ద వెంట సర్రున లాగి, చివర బొటనవేలు వెడల్పు బద్ద దాటించి, అక్కడ కత్తెర పెట్టేవాడు. ఆ వేలు కొసరు. దానికోసం వింజమూరు నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్ళు.

నిరుడు ఆయన కంటికి శుక్లం తీశారు. నెలరోజులు అంగడి ముఖం చూడొద్దన్నారు. బద్ద ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళంతా నా వైపు చూసి, వెంటనే నా భార్య వైపు చూశారు.

ఆమెది ఉదయగిరి. లెక్కల్లో డిగ్రీ. పెళ్ళయిన నాటి నుంచి అంగట్లో కూర్చోవాలని కోరిక. నాయన అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

"ఈ నెల చూస్తానమ్మా. గిరాకీ తగ్గిందా, మళ్ళా అడగబాకు."

మొదటి చిక్కు ఇనుప బద్దతోనే వచ్చింది. దాని మీద గీతలన్నీ నాయన వేళ్ళకు అరిగిపోయాయి. ఆమె ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే మేనమామకు ఫోన్ చేసి కొత్త బద్ద అడిగింది. నున్నటిది, పావు, అర, ముప్పావు గీతలతో ఒకటి బస్సులో వచ్చింది.

ఇక ఆమె కొలవడం పరీక్ష రాసినట్టు ఉండేది. గుడ్డను బల్ల మీద వదులుగా పరిచి, ముడతలు సవరించి, బద్ద ఆనించి, సుద్దతో గీత గీసి, ఆ గీత మీదే కత్తెర నడిపేది. వేలు దాటించేది కాదు.

పావడా గుడ్డకు వచ్చిన ఒక అవ్వ ఊరుకోలేదు.

"ఏంది పాపా, మీ మామ వేలు ఇస్తాడే?"

"మీటరంటే మీటరే అవ్వా."

"మీటరు ఎవురన్నా ఇస్తారు. వేలు కోసరం గదా నేను వచ్చింది!" నా వైపు తిరిగింది. "అబ్బయా, యాడ తెచ్చినావు ఈ టీచరమ్మని?"

"ఉదయగిరి, అవ్వా."

"కొండ కింద పిల్ల. అందుకే గట్టిగా ఉండాది."

ఆ మాట ఊరంతా తిరిగింది. గిరాకీ పలచబడింది. ఆమె సుద్దగీతలు మాత్రం మరింత నిటారుగా వచ్చేవి.

నెల తిరగ్గానే నాయన నల్ల కళ్ళద్దాలతో దిగాడు. చెక్క బద్దను తీసి తన ఇనుప బద్ద పక్కన పెట్టాడు. చెక్కది బొటనవేలు వెడల్పు పొడుగుంది.

లెక్కల డిగ్రీ ముందుగా తేరుకుని ఫోన్ తీసింది.

"మామా, బద్ద కొలత తప్పిందేంది?"

"తప్పలేదు. కొసరు పెట్టినాను," అన్నాడు మేనమామ, స్పీకర్లో. "మా ఇంటి ఆడబిడ్డ అంగట్లో కూర్చుంటా ఉంటే బొటాబొటిగా చేస్తానా?"

అంటే నెలంతా ఆమె ప్రతి మీటరుకూ కొసరిచ్చింది, తిట్లు తిన్నది. మేనమామ ఇచ్చినదాన్ని కొలిచి చూడటం మర్యాద కాదని ఊరుకుందట.

నాయన ఏమనబోయాడో గానీ, అప్పుడే ఆ అవ్వ మెట్లెక్కింది.

"ఈ పాపే కొలవాల నాకు! కుట్టినాక గుడ్డ మిగిలిందని టైలరు వక్కాకు తిత్తి కుట్టిచ్చినాడు. మీ మామ కాడ ఇన్నేళ్ళు కొన్నాను, పీలిక మిగల్లేదు!"

నాయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఆయన కుడిచేతి వేలు ఇచ్చినదాన్ని ఎడమచెయ్యి గుడ్డ లాగి వెనక్కి తీసుకునేది. రెండూ కలిస్తే సరిగ్గా మీటరు. కామర్సులో దాన్ని బ్యాలెన్సు అంటారు.

"ఇంక నువ్వే కూర్చోమ్మా," అన్నాడు. "కానీ వేలు చూపించు. కంటికి కనపడని కొసరు కొసరు గాదు."

ఇప్పుడామె ఇనుప బద్దతో గుడ్డను లాగకుండా కొలిచి, అందరూ చూస్తుండగా వేలు దాటించి, అది సరిపోయిందని చెక్క బద్ద ఆనించి చూసుకుని గీత గీస్తుంది. ఆ గీత గీసే ప్రతిసారీ నాయన టీ తాగడానికి బయటికి వెళ్తాడు. ఈ మధ్య ఆయన టీలు బాగా పెరిగాయి.