హోమ్ రన్ కొట్టిన బావ

చేతిలో బందరు లడ్డూ పెట్టుకుని ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం.

దివిసీమలో మా ఊరికొచ్చిన కెనడా దొరగారు మాకు బేస్‌బాల్ నేర్పిన రోజుల్లో, మా అక్క మొగుణ్ణి మించి కొట్టినవాడు లేడు. పంచె ఎగ్గట్టి, కర్ర భుజానికెత్తి, బంతి వేసేవాడితో ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు: "మెల్లిగా వెయ్యండి, పాపం దానికి దెబ్బ తగుల్తుంది."

బందరు జట్టుతో పందెం. గెలవడానికి ఒక్క పరుగు కావాలి. "హోమ్ రన్ కొట్టవయ్యా" అన్నారు దొరగారు. బావ కొట్టిన బంతి నాగాయలంక దాటి సముద్రంలో పడింది. మైదానం నాలుగు మూలలూ చుట్టి వస్తేనే పరుగు. బావ మాత్రం కర్రతో సహా తిన్నగా ఇంటికి పరిగెత్తాడు.

తిట్టుకుంటూ వెంటపడ్డాం. వెళ్ళేసరికి ఇంటి తాటాకు కప్పు అంటుకుని ఉంది. అక్క నీళ్ళకి కాలవకి వెళ్ళింది. బావ ఆ కర్రతోనే మండే ఆకుల్ని లాగిపడేసి, ఉయ్యాల్లో పసిపిల్లని ఎత్తుకున్నాడు.

"ఆట వదిలేసి ఇటొచ్చావేమయ్యా?" అన్నారు దొరగారు.

"హోమ్ అంటే ఇల్లేగదండీ."

బావకి ఇంగ్లీషు అంతే వచ్చినందుకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

సముద్రం మాత్రం నా కల్పన. బంతి పక్క వరిచేలో పడింది. మిగతాదానికి సాక్ష్యం మా మేనకోడలు. ఈ లడ్డూ ఆ పిల్ల పెళ్ళిదే.