ముప్పై ఒకటో పాఠం

మెత్తగా కనిపించేవాళ్ల కోపంతో చెలగాటం ఆడకూడదు. గట్టిగా అరిచేవాళ్లది పాలపొంగు, మంట తగ్గిస్తే దిగిపోతుంది. మెత్తనివాళ్లది అలా కాదు. పైకి బూడిద కప్పుకుని లోపల రాజుకుంటూనే ఉంటుంది. కొత్త టీచరమ్మ అచ్చం అలాంటి మనిషి. చూడ్డానికి ఇరవైమూడేళ్ల పిల్ల, తను తుమ్మితే తనే ఉలిక్కిపడే రకం.

పొరుగు దేశం నుంచి వచ్చింది. టీచరు చదువులో చివరి ఆరు నెలలూ పరాయి దేశపు బళ్లో పాఠాలు చెప్పాలి, అక్కడే ఒక కుటుంబంతో కలిసి ఉండాలి. వాళ్ల కాలేజీ నియమం అది. ఒక సూట్‌కేసూ, చుట్టచుట్టిన చార్టుల కట్టా పట్టుకుని మూడో అంతస్తు ఎక్కి వచ్చిన రోజు ఇంటావిడ తలుపు తీసి, "చార్టులా? కర్టెన్లు తెచ్చావనుకుని సంబరపడ్డానే! సరేలే, రామ్మా" అంది. అప్పట్నుంచి ఆవిడ పిన్ని, ఆవిడ మొగుడు బాబాయి. పిన్ని బస్సు డిపోలో టికెట్ల కిటికీ వెనక కూర్చుంటుంది. రోజంతా జనం మీద అరిచి అరిచి, ఇంట్లో కూడా మధ్యలో అద్దం ఉన్నట్టే మాట్లాడుతుంది. బాబాయి ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. నోరు విప్పితే చల్లదనం పోతుందన్నట్టు మూసుకునే ఉంటాడు. వాళ్లకి పదేళ్ల కూతురు, టీచరమ్మ పాఠాలు చెప్పే ఐదో తరగతిలోనే వెనక బెంచీ. అందరూ పిడుగు అంటారు, ఊరికే అనరు.

టీచరమ్మకి ఇచ్చింది మొన్నటిదాకా సామాన్ల గది. మంచం మీద పక్కకి తిరిగితే మోకాలు ఇస్త్రీ బల్లకి తగులుతుంది. ఇంటికి ఒకటే బాత్‌రూం, నాలుగు శాల్తీలు. హీటరు ఒక్క బకెట్టు నీళ్లు కాచడానికి అరగంట ముక్కుతుంది. టీచరమ్మ వంతు ఐదున్నరకి, బస్సు ఆరూ యాభైకి. వంటింటి సొరుగు పైకెత్తి లాగితేనే వస్తుందనీ, హాల్లో మూడో స్విచ్చి వేస్తే ఫ్యూజు పోతుందనీ, బాబాయి వార్తలు వింటుంటే చెంచా చప్పుడు కూడా చెయ్యకూడదనీ వారంలో నేర్చేసుకుంది. సాయంత్రం భోజనాలయ్యాక బల్ల తుడిచి, దాని మీదే మర్నాటి పాఠం రాసుకునేది. ఆ బల్ల సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి. కొంప ముంచింది అదే.

బళ్లో లెక్కలు చెప్పే పెద్దావిడ ఆమెకి గైడు టీచరు. మొత్తం నలభై పాఠాలు. ప్రతి పాఠానికీ గైడు టీచరు గంట నుంచి గంట దాకా వెనక బెంచీలో కూర్చుని చూసి, పరిశీలన పుస్తకంలో అభిప్రాయం రాసి సంతకం చెయ్యాలి. "తృప్తికరంగా లేదు" అని పదిసార్లు పడిందా, సర్టిఫికెట్ లేదు, పెట్టె సర్దుకోవడమే. టీచరమ్మ సొంతూళ్లో ఒక బడివాళ్లు ఉద్యోగం అట్టేపెట్టి కూర్చున్నారు. సర్టిఫికెట్ తెస్తే ఆమెది, లేకపోతే ఇంకొకరిది. ఇంటి దగ్గర అప్పుడే అందరికీ చెప్పేసుకున్నారు కూడా.

గైడు టీచరు ఒక్కనాడూ వెనక బెంచీలో కూర్చున్న పాపాన పోలేదు. హ్యాండ్‌బ్యాగు కుర్చీలో పెట్టి, "ఊఁ, కానివ్వమ్మా" అని స్టాఫ్ రూంకి పోయేది. గంట కొట్టాక పుస్తకం తెప్పించుకుని "బాగుంది" అని రాసి సంతకం గీకేది. పిల్లలు ఆవిడకి సంతకం టీచరమ్మ అని పేరు పెట్టారంటే పెట్టరా మరి! వరసగా ఇరవై ఒక్క పాఠాలకి ఇరవై ఒక్క "బాగుంది"లు. కొత్త టీచరమ్మ కిక్కురుమనలేదు. పిలిచి పీట వేస్తుంటే ఎందుకని ఎవరడుగుతారు?

ఒకరోజు టీ తాగుతూ గైడు టీచరు మాటవరసకి అడిగింది.

"ఇల్లు సౌకర్యంగా ఉందా? పాఠాలవీ ఎక్కడ కూర్చుని రాసుకుంటావు?"

"భోజనాల బల్ల మీదండీ. నల్లకర్రది, సింహం పాదాల్లాంటి కాళ్లు. ఎంత బాగుంటుందో! పిన్ని రోజూ నూనెగుడ్డ పెట్టి తుడుస్తుంది."

గైడు టీచరు కప్పు కింద పెట్టేసింది. "ఏ పిన్ని? డిపోలో టికెట్లు కొట్టే పిన్నా?"

టీచరమ్మ సంబరంగా తలూపింది. పాపం, ఆ పిల్లకేం తెలుసు? పిన్నికి గైడు టీచరు స్వయానా అన్న భార్య, వదిన. ఆ బల్ల వాళ్ల అత్తగారిది. మంచాన పడ్డ అత్తగారికి నాలుగేళ్లు సేవ చేసింది ఈ వదిన. "ఈ బల్ల నీకేనే" అని ఆ ముసలావిడ అందట. ఆవిడ పోయిన మర్నాడే పిన్ని ఇద్దరు కూలీలతో వచ్చి, "మా అమ్మ బల్ల" అని మెట్లు దింపించుకుపోయింది. ఆరేళ్లుగా ఈ రెండిళ్ల మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. చీట్లు తీసి ఇళ్లు పంచిన కాలేజీవాళ్లకి ఇదంతా ఎవరు చెప్పారు?

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అందరూ విన్నదే. ఈవిడ ఆడబిడ్డ మీది కోపాన్ని ఆడబిడ్డ ఇంట్లో ఉన్న పిల్ల మీద చూపించింది. ఇరవై రెండో పాఠం నుంచి బ్యాగు పెట్టడానికి కూడా క్లాసుకి రాలేదు, పుస్తకం ముందే తన బల్ల మీద పెట్టమంది, అందులో మాటా మారింది. "వెనక బెంచీకి గొంతు వినబడలేదు. బోర్డు మీద రాత గజిబిజి. తృప్తికరంగా లేదు." తర్వాతి పాఠానికీ అదే, ఆ తర్వాతి దానికీ అదే. అలా ఎనిమిది పడ్డాక టీచరమ్మ ధైర్యం కూడగట్టుకుని స్టాఫ్ రూంకి వెళ్లింది.

"మేడమ్, మీరు క్లాసుకి రాలేదు కదండీ. మరి గొంతు వినబడలేదని..."

"గోడలకి చెవులుంటాయమ్మా. మీ దేశంలో ఉండవా?"

స్టాఫ్ రూం మొత్తం గొల్లుమంది. టీచరమ్మ బాత్‌రూంకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుంది. తుడుచుకుంటూ ఉండగా ఏడుపు పోయి దాని చోట్లో ఇంకేదో వచ్చి కూర్చుంది. 'దీన్ని వదిలిపెడితే నేను మనిషినే కాదు' అనుకుంది. మనసులో అయినా ఒక పెద్దావిడని 'దీన్ని' అనుకోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. అనుకుంటే ఎంత హాయిగా ఉందో!

ఆ సాయంత్రం తొమ్మిదో "తృప్తికరంగా లేదు" చూసి పిన్ని పళ్లు నూరింది. "అది నిన్ను కాదమ్మా అంటున్నది, నన్ను. నా బల్ల మీద పడి ఏడుస్తోంది."

పిడుగు ప్లేట్లోంచి తలెత్తింది. "కానీ అమ్మా, నిజంగానే అక్క చెప్పేది వెనక్కి వినబడదు. బోర్డు కూడా నాకు సరిగ్గా కనబడదు."

"నోర్ముయ్యి! నువ్వూ మీ అత్తయ్య పార్టీయేనా?"

పిడుగు మళ్లీ ప్లేట్లోకి తల వంచింది. టీచరమ్మ కూడా ఆ మాట చెవిన పెట్టలేదు.

బుధవారం పొద్దున్నే బళ్లో నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. మూడో పీరియడ్‌లో ఐదో తరగతి పిల్లలందరికీ ఆవరణలో కంటి పరీక్ష. మూడో పీరియడే టీచరమ్మ ముప్పై ఒకటో పాఠం. మామూలుగా అయితే పరుగున వెళ్లి, "మేడమ్, ఇవాళ పాఠం ఉండదండీ" అని చెప్పేది. ఆ రోజు చెప్పలేదు. భిన్నాల పాఠం రాసిన పుస్తకం ఎప్పట్లాగే గైడు టీచరు బల్ల మీద పెట్టి, నమస్కారం కూడా పెట్టి బయటికి వచ్చింది. పిల్లల్ని వరసలో నిలబెట్టి కంటి డాక్టరు వ్యాను దగ్గరికి నడిపించుకుపోయింది. ఒక్కొక్కళ్లూ కన్ను మూసుకుని అక్షరాలు చదివారు. పిడుగు మూడో వరస దాటి చదవలేకపోయింది. డాక్టరు కళ్లద్దాలకి చీటీ రాసిచ్చాడు, తేదీ, తరగతి, టైముతో సహా.

గంట కొట్టాక టీచరమ్మ వెళ్లి పుస్తకం తెచ్చుకుని తెరిచింది. "భిన్నాల పాఠం. వెనక బెంచీకి గొంతు వినబడలేదు. పిల్లలు బాగా అల్లరి చేశారు. తృప్తికరంగా లేదు." కింద సంతకం. పదోది. ఆమె మెడ నరికే కత్తి, దాని పిడి మాత్రం ఆమె చేతిలోనే ఉంది.

ఇంట్లో పిన్ని ఆ పేజీని మూడుసార్లు చదివి, పుస్తకాన్ని గుండెలకి హత్తుకుంది. "దొరికావే వదినా, దొరికావు! చెప్పని పాఠం నీకు గోడ చెవులతో వినబడిందటే!" బాబాయి వార్తలు కూడా కట్టేసింది.

శుక్రవారం కాలేజీ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పిప్పరమెంట్లు చప్పరించే ముసలాయన. హెడ్‌మిస్ట్రెస్ గదిలో, హెడ్‌మిస్ట్రెస్ ఎదురుగానే, పది అయ్యాయి కాబట్టి ఇక ఇంటికి పంపడమే అని ఆయన నోరు తెరిచాడో లేదో, టీచరమ్మ పుస్తకం పక్కన కళ్లద్దాల చీటీ పెట్టింది.

"ఆ టైములో క్లాసే జరగలేదండీ. పిల్లలూ నేనూ ఆవరణలో ఉన్నాం."

గైడు టీచరు మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ ముప్పై ఏళ్ల సర్వీసు ఊరికే పోతుందా? వెంటనే తమాయించుకుంది. "పొరపాటండీ. ముందురోజు పాఠానిది ఇక్కడ రాసేసుంటాను. ఈ పేజీ కొట్టేద్దాం. తొమ్మిదే ఉంటాయి, మిగతావి అమ్మాయి చక్కగానే పూర్తి చేస్తుంది. ఏమ్మా?" ఆ 'ఏమ్మా'లో బేరం ఉంది. నువ్వు ఊరుకో, నేను నీ జోలికి రాను.

ఇన్‌స్పెక్టరు పిప్పరమెంటు బుగ్గన పెట్టుకుని టీచరమ్మ వైపు తిరిగాడు. "మరి మిగతా ముప్పై పాఠాలకీ ఈవిడ కూర్చున్నారా?"

కూర్చున్నారంటే చాలు. ఇంకో మూడు వారాల్లో సర్టిఫికెట్, సొంతూళ్లో ఉద్యోగం. లేదంటే ఇరవై ఒక్క "బాగుంది"లు కూడా ఆవిడతోపాటే కొట్టుకుపోతాయి. టీచరమ్మకి అదంతా తెలుసు. తెలిసి గైడు టీచరు వైపు చూసింది. ఆవిడ పెదాల చివర, స్టాఫ్ రూంలో నవ్విన ఆ నవ్వే, చిన్నదే, ఉంది.

"ఒక్కరోజు కూడా కూర్చోలేదండీ."

ఎదుటివాళ్లకి శకునం చెడాలని తన ముక్కు తనే కోసుకోవడం అంటే ఏమిటో హెడ్‌మిస్ట్రెస్ కళ్లారా చూసింది.

"బాగుందని రాసిన ఇరవై ఒక్క రోజులూ నువ్వెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు ముసలాయన. టీచరమ్మ తల వంచుకుంది. ఆయన ముప్పై ఒక్క పేజీలకీ అడ్డంగా గీత కొట్టాడు. మళ్లీ మొదటి నుంచి నలభై పాఠాలు. బళ్లో లెక్కలకి ఇంకో పెద్ద టీచరు లేదు కాబట్టి గైడు టీచరు ఆవిడే. అయితే గంట నుంచి గంట దాకా ఆవిడ వెనక బెంచీ దిగకూడదు, హెడ్‌మిస్ట్రెస్ వచ్చి చూసి వెళ్తుంటుంది, లేస్తే ఉద్యోగానికే ముప్పు.

పిన్ని విని చప్పట్లు కొట్టింది. "ఆ నడుంతో ఆ పిల్లల బెంచీ మీద నలభై పీరియడ్లా! చచ్చింది!" కాసేపయ్యాక లెక్క వేసుకుని, "అంటే నువ్వు ఇంకో నాలుగు నెలలు మా ఇంట్లోనేనా?" అంది. సొంతూరి ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారని ఫోనొచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. టీచరమ్మ సామాన్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. బాబాయి తలుపు బయట నిలబడి నెలల తర్వాత ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు. "నీళ్లు కాగాయమ్మా, ఇవాళ ముందు నువ్వు పోసుకో."

సోమవారం మొదటి పాఠం. గైడు టీచరు వెనక బెంచీలో, కొత్త కళ్లద్దాలు పెట్టుకున్న మేనకోడలి పక్కన, మోకాళ్లు గడ్డానికి తగిలేటట్టు ఇరుక్కుని కూర్చుంది. గంట నుంచి గంట దాకా కదల్లేదు. రాసి, పుస్తకం చేతికిచ్చింది. "వెనక బెంచీకి గొంతు వినబడలేదు."

టీచరమ్మకి ఒళ్లు మండిపోయింది. "మళ్లీ అదే అబద్ధమా?"

"అబద్ధం కాదక్కా" అంది పిడుగు. "మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాగా. నువ్వు మాట్లాడితే మూడో బెంచీ దాటదు."

గైడు టీచరు కలం మూత పెట్టింది. తొమ్మిదిసార్లు చూడకుండా రాసిన మాటే, చూసి రాస్తే కూడా అదే. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది. టీచరమ్మకి సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఆ సిగ్గుని కూడా గైడు టీచరు ఖాతాలోనే వేసింది.

మంగళవారం టీచరమ్మ చాక్‌పీసు పట్టుకుని, బొడ్డు దగ్గర్నుంచి ఊపిరి తీసి, "భిన్నాలు!" అంది. పక్క క్లాసు మాస్టారు తొంగి చూశాడు. నడుస్తూ నడుస్తూ వెనక బెంచీ దాకా వచ్చి, గైడు టీచరు చెవికి జానెడు దూరంలో నిలబడి, లవం అంటే ఏమిటో, హారం అంటే ఏమిటో, గంట కొట్టేదాకా అదే గొంతుతో చెప్పింది. పిల్లలు మొదటిసారి ఒక్క ముక్క పోకుండా విన్నారు.

గైడు టీచరు చెవి రుద్దుకుంటూ కలం తీసింది. కాగితం చిరిగేంత నొక్కి, "గొంతు వెనక బెంచీకి బాగా వినబడింది. తృప్తికరం" అని రాసింది.

"థాంక్సండీ" అంది టీచరమ్మ, ఇంకా అదే గొంతుతో. "ఇంకా ముప్పై ఎనిమిది ఉన్నాయి."