దొడ్డమ్మ గది

మా ఆయన కృష్ణప్పకు బెంగళూరులో ఒక గది ఉందని చుట్టాలందరికీ తెలుసు. ఆ గదిలో ఆయన ఒక్క పూటైనా నడుం వాల్చలేదన్న సంగతి నాకొక్కదానికే తెలుసు.

అది మా నేతవాళ్ళ సంఘం విద్యార్థుల హాస్టల్లో ఉంది. ఆయన అవ్వ దొడ్డమ్మ మగ్గం నేసి చేయించుకున్న బంగారు కడియాలిచ్చి ఆ గది కట్టించిందట. గుమ్మం మీద ఆమె పేరు చెక్కిన రాయి పెట్టారు. గది కట్టించిన దాత ఇంటివాళ్ళు ఏటా ఒక విద్యార్థి పేరు రాసి ఉత్తరమిస్తే హాస్టల్లో చవగ్గా చోటిస్తారు. మా ఆయన చిక్కపేటలో ఒక హోల్‌సేల్ కొట్లో ఇరవై ఆరేళ్ళుగా చీరలు మడతపెడుతున్నారు. కాలేజీలు తెరిచే రోజులొస్తే మాత్రం ఆయన దాత. ఆయన ఉత్తరంతో చదువుకున్నవాళ్ళు పెళ్ళిళ్ళలో కాళ్ళకు దండం పెడతారు. ఆ వేళ ఆయన నడక చూడాలి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు.

ఈసారి ఆనేకల్ నుంచి మా మరిది బైరప్ప ఫోన్ చేశాడు. అతని కూతురు ఆశకు యలహంకలో నర్సింగ్ సీటొచ్చింది. ఊరికి ఆ చివర ఆనేకల్, ఈ చివర యలహంక. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. కాలేజీ హాస్టలుకు కట్టాలంటే బైరప్ప తన రెండు మగ్గాలూ అమ్ముకోవాలి.

"సోమవారంలోగా చోటు దొరికితే సరి వదినా. లేదంటే సీటు వదిలేసి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చేరుస్తా. ఏం చేసేది?" అన్నాడు.

మా ఆయన ఫోన్ లాక్కుని, "ఎందుకప్పా అంత యోచన? మన గది ఉండాది కదా. పిల్లను పంపించు," అన్నారు.

"అది మగపిల్లల హాస్టలు," అన్నాను నేను.

"రాయి మీద మా అవ్వ పేరుండాది. మనకు కాదంటారా?"

ఇన్నేళ్ళుగా మగపిల్లలకే ఉత్తరాలు రాస్తూ ఆ సంగతి గమనించని మనిషితో ఏం వాదించను? మా ఇంట్లో పెట్టుకుందామా అంటే కింద ఒక హాలు, వంటిల్లు, మిద్దె మీద నా కుట్టుమిషను గది. ఆ గదిలో చీరలకు ఫాల్స్ కుట్టి నేను నాలుగు రాళ్ళు సంపాదించుకుంటున్నాను. కాబట్టి ఆశ బట్టల సంచితో దిగిన మర్నాడే దాన్ని వెంటబెట్టుకుని యలహంక బస్సెక్కాను.

రెండు రోజులు కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరిగాం. మొదటి పీజీలో ఓనరమ్మ ఫోన్లో ఒక గది చూపించి, ఎదురుగా ఇంకోటి చూపించింది.

"ఫోటోలో రూము నిన్ననే పోయింది. ఇదీ అట్లే ఉంటాది మేడం, కిటికీ ఒక్కటే లేదు," అంది.

రెండోచోట మంచం హాల్లో ఉంది, చుట్టూ ఒక కర్టెను. దానికి నెలకు తొమ్మిది వేలు. మూడోచోట పదకొండు మందికి ఒక బాత్‌రూము. తలుపు మీద ఎవరి టైము ఎప్పుడో కాగితం అంటించారు. ఆశకు ఖాళీగా ఉన్నది తెల్లవారుజామున నాలుగూ ఇరవై. నాలుగోది మిద్దె మీద వాటర్ ట్యాంకు పక్కన రేకుల గది. తలుపుకు గడియ లేదు.

ప్రతిచోటా ఆశ ఒకటే మాట. "ఇది చాలు పెద్దమ్మా." గడియ లేని తలుపు చూసి కూడా అదే మాట అనేసరికి నాకు ఒళ్ళు మండింది.

"ఏం చాలే? నోరు మూసుకొని నడువు," అన్నాను. పాపం, దానిదేం తప్పు. బస్సులో ఇంటిదాకా అది కిటికీలోంచి బయటికే చూసింది.

శనివారం మా ఆయనా నేనూ సంఘం హాస్టలుకు వెళ్ళాం. నేనూ వస్తానన్నాను, ఎందుకంటే మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. సంఘం అధ్యక్షులు లక్ష్మీనారాయణగారు కాఫీ తెప్పించి, ఉత్తరం చదివి, కళ్ళజోడు తీశారు.

"ఆశ అంటే ఆడపిల్ల కదా. మగపిల్లలకేనని మన సంఘం బైలాలో రాసుంది కృష్ణప్పా. ఎవరన్నా పిల్లోని పేరు రాసియ్యప్పా, ఇప్పుడే సంతకం పెడతా."

మా ఆయన నేల చూస్తున్నారు. నేనే అడిగాను.

"పైన రాయి మీద పేరెవరిదండీ?"

"మీ అవ్వగారిది."

"ఆమే బతికొచ్చి అడిగితే ఆ గదిలో ఉండనిస్తారా?"

లక్ష్మీనారాయణగారు మంచివారే. నిజమే చెప్పారు. "ఇయ్యలేమమ్మా."

మా ఆయన లేచి పైకెళ్ళారు. ఎప్పటిలాగే భుజం మీది తువ్వాలుతో ఆ రాయి తుడిచి దిగొచ్చారు. బల్ల మీది ఉత్తరం తీసుకుని, చీర మడతపెట్టినట్టు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"ఈ ఏడు వేరే పేరు రాయలేను సార్," అన్నారు. నేనెరిగినంతలో ఆయన ఒకరికి కాదని చెప్పడం అదే మొదటిసారి.

దారి పొడుగునా నేను లక్ష్మీనారాయణగారిని తిడుతూనే ఉన్నాను. ఖాళీగా గదులుంచుకుని, ఆడపిల్ల అనేసరికి బైలా చూపిస్తారా అని. ఇంటికొచ్చేసరికి ఆశ బట్టలు సంచిలో సర్దుకుంటోంది. మా ఆయన మిద్దె మెట్ల మీద కూర్చున్నారు. ఆయన వెనకే నా గది తలుపు.

ఆ గది అడుగుతారని నేను అన్ని రోజులూ కాచుకుని ఉన్నాను. అడిగితే కాదనడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన అడగలేదు. ఆ పిల్లా అడగలేదు. మా ఇంటి దగ్గర మెజెస్టిక్‌లో ఎక్కితే యలహంకకు ఒకే బస్సులో పోవచ్చని ముగ్గురికీ తెలుసు. లక్ష్మీనారాయణగారికి బైలా ఉంది, నాకు కుట్టుమిషను ఉంది. తేడా ఏమిటో ఎంత ఆలోచించినా నాకు తట్టలేదు.

"కూర్చుంది చాలు. మిషను ఆ పక్క పట్టండి," అన్నాను.

ఇప్పుడు మిషను పొయ్యి పక్కన ఉంది. తిరగమోత పెట్టినప్పుడల్లా చీరల మీద పాత దుప్పటి కప్పుకోవాలి. అయినా ఇంగువ వాసనొస్తోందని ఇద్దరు కస్టమర్లు వేరే చోటికి పోయారు. నాకు ఒళ్ళు మండుతూనే ఉంటుంది. ఆశ పొద్దున ఆరుకల్లా బస్సు కోసం పరిగెత్తుతుంది.

మొన్న ఆదివారం మా ఆయన రంగు డబ్బా, కుంచె తెచ్చుకుని మిద్దె గది ముందు స్టూలు వేసుకున్నారు. గుమ్మం మీద దొడ్డమ్మ పేరు రాస్తారట.

"దిగండి," అన్నాను. "పేరూ వద్దు, గీరూ వద్దు. పేరు రాస్తే రేపు దానికీ ఒక బైలా వస్తాది."